దక్షిణాదిలో కూడా కూర్చోండి: సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు ఒక అనువాదకుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత ప్రధాన న్యాయమూర్తి గారికి, సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరికీ,

నమస్కారం. మాది శ్రీకాకుళం. కోర్టు కాగితాలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ముప్పై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. మా జిల్లా నుంచి ఏ కేసయినా మీ దాకా రావాలంటే ముందు నాలాంటి వాడి బల్ల మీదికి రావాలి. దస్తావేజులు, అడంగళ్ళు, సాక్షుల వాంగ్మూలాలు, వీలునామాలు అన్నీ ఇంగ్లీషులోకి మారితే తప్ప మీ రిజిస్ట్రీ, అంటే కాగితాలు తీసుకునే మీ కోర్టు ఆఫీసు, తీసుకోదు. అందుకని నేను మీకు ఎప్పుడూ కనిపించకపోయినా, నేను రాసిన మాటల్ని మీలో కొందరు చదివే ఉంటారు.

మీ ముందు పెట్టాల్సిన విషయం ఒక్కటే. దేశంలో ఆఖరి అప్పీలు కోర్టు మీది. ఆ కోర్టు ఏడాదికి కొన్ని వారాలైనా దక్షిణాదిలో కూర్చోవాలి. హైదరాబాద్ అయినా సరే, చెన్నై అయినా సరే. ఆ ఊరా ఈ ఊరా అన్న పంతం నాకు లేదు.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఒక కాగితం గురించి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మా జిల్లాలోని ఒక పల్లె నుంచి ఓ రైతు నా దగ్గరికొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. వెంట మనవడు. ప్లాస్టిక్ సంచిలో రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, వాటి మధ్యన మీ కోర్టు నుంచి వచ్చిన నోటీసు. పోస్టుమేన్ సంతకం పెట్టించుకుని ఇచ్చాడట. పల్లెలో చదివినవాళ్లు అంతా చూశారు. స్పెషల్ లీవ్ పిటిషన్ అని రాసి ఉందని చెప్పారే తప్ప అదేమిటో చెప్పలేకపోయారు.

"బాబూ, లీవంటే సెలవు కదా. నా మీద కేసేసి ఆయన సెలవడుగుతున్నాడేటి?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. కూర్చోబెట్టి చెప్పాను. తాతా, ఇది సెలవు కాదు, అనుమతి. రాజ్యాంగంలో 136 అనే అధికరణం ఉంది. దాని కింద అప్పీలు వినమని అవతలివాళ్లు సుప్రీంకోర్టుని అనుమతి అడుగుతున్నారు. హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లో వేయాలి, వేశారు. నువ్వు వకీలుని పెట్టుకుని జవాబివ్వాలి.

ఆ పొలం ఎకరా అరవై సెంట్లు. ఒక పక్క గెడ్డ, ఒక పక్క ఊరి రస్తా. మునసబు కోర్టులో గెలిచాడు. జిల్లా కోర్టులో అప్పీలు గెలిచాడు. సెకండ్ అప్పీలు హైదరాబాద్‌లో ఉండగా 2019లో హైకోర్టు అమరావతికి వచ్చింది, దానితోపాటు ఈ కేసూ వచ్చింది. అక్కడా గెలిచాడు. అంటే మూడు కోర్టులు ఈ భూమి నీదే అన్నాయి. ఆ నోటీసుని చేత్తో తడుముతూ ఆయన అడిగిన మాట నేను మర్చిపోలేను: "మూడు కోర్టుల్లో గెల్చినాక ఇంకెంత దూరం గెలవాలి బాబూ?"

కాగితాలు అనువాదానికి తీసుకున్నాను. చెక్కుబందీ, అంటే పొలం హద్దుల వివరం, దగ్గరే గంటసేపు ఆగాను. తూర్పున గెడ్డ అని ఉంది. మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే కొండ మీంచి దిగి వచ్చే నీటి దారి. వర్షాకాలంలో ఏరులా పొంగుతుంది, ఎండాకాలంలో ఇసుక మాత్రం మిగులుతుంది. ఇంగ్లీషులో వాగు అని రాస్తే ఏడాది పొడుగునా నీళ్లుంటాయనుకుంటారు. కాలవ అని రాస్తే ఎవరో తవ్వింది అనుకుంటారు, అప్పుడది గవర్నమెంటు స్థలమా అన్న అనుమానం వస్తుంది. అవతలి పక్షం వాదన అంతా ఆ అనుమానం మీదే నడిచింది. మా మునసబు కోర్టులో గెడ్డ అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమరావతిలో వకీలు ఒక్క వాక్యంలో చెప్పాడు. ఢిల్లీలో ఎవరు చెప్పాలి? ఇరవై ఏళ్లు ఆ కేసు నడిపిన మా ఊరి ప్లీడరు గారు మీ ముందు జవాబు వేయలేరు. అడ్వొకేట్ ఆన్ రికార్డ్, అంటే మీ కోర్టులో కాగితాలు దాఖలు చేసే అధికారం ఉన్న వకీలు, అయితేనే వేయాలి. ఆయన ఒక సీనియర్‌ని పెట్టాలి. ఫైలు చేతులు మారి, ఆ పొలం గట్టు ఎప్పుడూ చూడని వాళ్ల దగ్గరికి వెళ్తుంది. వాళ్లని నేను తప్పుపట్టను. అక్కడికి దేశం నలుమూలల నుంచీ ఫైళ్లు వస్తాయి, ఒక్కో ఫైలుకి వాళ్లకు దొరికే సమయం అంతే.

నేను సగం కాగితాలు పూర్తిచేసేసరికి కబురొచ్చింది. అనువాదం ఇక అక్కర్లేదట, రాజీ అయిపోయిందట. పెద్దమనుషులు కూర్చున్నారు. అవతలి ఆసామి పట్నంలో కాంట్రాక్టులు చేసేవాడు, ఢిల్లీ వెళ్లిరావడం అతనికి లెక్క కాదు. "ఎన్నేళ్లయినా అక్కడ నడుపుతా, నువ్వు రాగలవా?" అన్నాడట. ముసలాయన ఎనభై సెంట్లు వదులుకున్నాడు. గెడ్డ పక్కది, నీళ్లందే వైపుది.

మీ కోర్టు అతన్ని ఓడించలేదు. అతని కేసు మీరు పూర్తిగా విననేలేదు. బహుశా అతని జవాబు చూశాక ఆ పిటిషన్ కొట్టేసేవారు. మూడు కోర్టులూ ఒకే మాట అన్న భూమి తగాదాలో వాస్తవాల జోలికి సుప్రీంకోర్టు మామూలుగా వెళ్లదని నాకు తెలుసు, అతనికీ చెప్పాను. అయినా అతను ఆగలేకపోయాడు. మా వైపు పల్లెల్లో "సుప్రీందాకా లాగుతా" అన్నది ఒక బెదిరింపు. బలమున్నవాడు లేనివాడితో అనే మాట అది. లేనివాడికి ఆఖరి ఆసరాగా పెట్టుకున్న కోర్టు పేరు ఉన్నవాడి నోట్లో బెదిరింపుగా మారిందంటే, అందుకు చట్టంలో లోపం కారణం అనుకోను. దూరమే కారణం.

విశాఖ నుంచి ఢిల్లీ రైలు దారిలో రెండు వేల కిలోమీటర్లు. రెండు రాత్రులు రైల్లోనే. అక్కడ దిగాక గది, భాష, తిండి, వాయిదా పడితే మళ్లీ ఇదంతా. అదే అమరావతి అయితే రాత్రి రైలెక్కి పొద్దున్నే విజయవాడలో దిగుతాం.

ఇప్పుడు వీడియోలో హాజరు కావచ్చు కదా అంటారు. నిజమే, 2020 తర్వాత అది చాలా మేలు చేసింది, దానికి మీకు రుణపడి ఉన్నాం. మా ప్లీడర్లు కొందరు ఇక్కడి నుంచే మీ ముందు నిలబడుతున్నారు. మీ తీర్పుల్ని తెలుగులోకి మార్చి పెడుతున్నారు, నేను వాటిని శ్రద్ధగా చదువుతుంటాను. కానీ కేసు వేయడానికి, కాగితాల్లో లోపాలు దిద్దించడానికి, రిజిస్ట్రీ చుట్టూ తిరగడానికి ఢిల్లీలో మనిషి కావాల్సిందే. ఆ మనిషిని పల్లెటూరి రైతు ఎక్కడ వెతుక్కోవాలి? తెలిసినవాళ్లకు తెలిసినవాళ్ల ద్వారా ఒక ఫోన్ నంబరు దొరుకుతుంది. జీవితమంతా కష్టపడ్డ భూమిని ముఖం చూడని మనిషి చేతిలో పెట్టాలంటే ఎంత టెన్షనో ఒక్కసారి ఊహించండి.

2021 జూలైలో మీ కోర్టులో జరిగిన ఒక సంగతి పేపర్లలో చదివాను, ఇప్పటికీ గుర్తుంది. గుంటూరు జిల్లా వైపు నుంచి ఒక భార్యాభర్తల కేసు. ఇరవై ఏళ్లకు పైగా నలిగిన తగాదా. భర్తకు శిక్ష పెంచమని ఆమె అడుగుతోంది. ఇంగ్లీషులో చెప్పడానికి ఆమె తడబడుతుంటే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు తెలుగులో మాట్లాడమన్నారు. ఆమె చెప్పింది తానే ఇంగ్లీషులోకి మార్చి పక్కన కూర్చున్న జస్టిస్ సూర్యకాంత్ గారికి చెప్పారు. భర్త జైలుకెళ్తే ఉద్యోగం పోతుందని, అప్పుడు నీకొచ్చే భరణమూ ఆగిపోతుందని ఆమెకు ఆమె భాషలోనే వివరించారు. చివరికి ఇద్దరూ కలిసుండటానికి ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి తెగనిది కాసేపట్లో ఒక కొలిక్కి వచ్చింది. నా వృత్తి అనువాదం కనుక ఈ మాట అనే హక్కు నాకుంది: ఆ రోజు అక్కడ నా పని దేశ ప్రధాన న్యాయమూర్తే చేశారు, అదీ నాకన్నా బాగా చేశారు. కానీ అది ఒక అదృష్టం. ఆ రోజు ఆ బెంచి మీద తెలుగు వచ్చినవారు ఉన్నారు కనుక జరిగింది. కోకా సుబ్బారావు గారి తర్వాత మళ్లీ ఒక తెలుగాయన ఆ కుర్చీలో కూర్చోవడానికి 1967 నుంచి 2021 దాకా పట్టింది. అలాంటి అదృష్టం మీద కక్షిదారు ఆశ పెట్టుకోలేడు.

మీ ముందువాళ్లు ఢిల్లీ బయట కూర్చున్న రోజులు ఉన్నాయి. చాలామందికి తెలియని సంగతి, రాజ్యాంగం వచ్చిన 1950లోనే సుప్రీంకోర్టు హైదరాబాద్‌లో కూర్చుని కేసులు విన్నది. 1954లో కాశ్మీర్‌లో కూర్చుంది. నిజాం సంస్థానానికి తనదైన ఆఖరి అప్పీలు వ్యవస్థ ఉండేది, జుడీషియల్ కమిటీ అనేవారు. 374వ అధికరణంతో అది రద్దయి, అక్కడ పెండింగ్‌లో ఉన్న అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వచ్చాయి. కొత్తగా పుట్టిన కోర్టు, ఇంకా సొంత భవనం కూడా లేదు, పార్లమెంటు భవనంలో సర్దుకుని పనిచేస్తోంది. న్యాయమూర్తులు మొత్తం ఎనిమిది మందికి మించి లేరు. ఆ రోజుల్లో వీలైంది ఇప్పుడెందుకు వీలుకాదు?

ఆ చరిత్రలోనే ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడిన రైతు కార్యకర్తలకు స్పెషల్ ట్రిబ్యునళ్లు ఉరిశిక్షలు వేశాయి. హైదరాబాద్ హైకోర్టు 1949 డిసెంబర్లో వాటిని ఖాయం చేసింది. సుప్రీంకోర్టు తలుపు తడితే, ఆ తీర్పులు 1950 జనవరి 26కి ముందువి కనుక వినే అధికారం మాకు లేదంది. జనార్దన్ రెడ్డి కేసుగా లా పుస్తకాల్లో ఉంది. కొన్ని వారాల తేడాతో మనుషుల ప్రాణాలు రెండు ఆఖరి కోర్టుల మధ్య సందులో పడ్డాయి. పాత తలుపు మూసుకుపోయింది, కొత్త తలుపు తెరుచుకోలేదు. పెద్ద ఎత్తున సాగిన ఉద్యమం వల్ల ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి. తెలంగాణ పల్లెల్లో ఆ కథ ఇంకా బతికే ఉంది. ఆఖరి కోర్టు అందుబాటులో లేకపోవడం ఎంత పెద్ద విషయమో మావాళ్లకు అప్పుడే తెలిసింది.

అంతకుముందు లండన్ ఉండేది. 1949 అక్టోబర్ దాకా మన ఆఖరి అప్పీలు ప్రీవీ కౌన్సిల్‌కే. పిఠాపురం నుంచి వెళ్లిన ఒక మనిషి శవం 1937లో పూరీ స్టేషన్‌లో థర్డ్ క్లాస్ పెట్టెలో ట్రంకులో దొరికితే, ఆ హత్య కేసులో ఆఖరి మాట చెప్పింది లండన్‌లో కూర్చున్న లార్డ్ అట్కిన్. పాకాల నారాయణస్వామి కేసు, ఇప్పటికీ ప్రతి లా విద్యార్థీ చదువుతాడు. జమీందార్ల వారసత్వ తగాదాలు కూడా ఓడలెక్కి అక్కడికి వెళ్లేవి. జమీందారు వెళ్లగలడు, రైతు ఎలా వెళ్తాడు? ఆ దూరం పోవాలనే మన కోర్టు మనం పెట్టుకున్నాం.

రాజ్యాంగం రాసినవాళ్లు ఇది ముందే ఆలోచించారు. 130వ అధికరణం చూడండి. సుప్రీంకోర్టు ఢిల్లీలో కూర్చుంటుంది, లేదా రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన మరో చోట, మరికొన్ని చోట్ల కూర్చుంటుంది. సవరణ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. పార్లమెంటు కూడా కదలనక్కర్లేదు. మొదటి అడుగు ప్రధాన న్యాయమూర్తి గారిదే.

లా కమిషన్ 1984లోనే కోర్టుని రెండు విభాగాలు చేయమంది, 1988లో మళ్లీ అదే చెప్పింది. 2009లో 229వ నివేదికలో ఇంకా తేటగా చెప్పింది: రాజ్యాంగ విషయాలకు ఢిల్లీలో ఒక ధర్మాసనం, మామూలు అప్పీళ్లకు నాలుగు దిక్కులా నాలుగు ధర్మాసనాలు, దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్. ఉపరాష్ట్రపతిగా వెంకయ్య నాయుడు గారు అడిగారు. అటార్నీ జనరల్‌గా ఉండగా కె.కె. వేణుగోపాల్ గారు నాలుగు ప్రాంతాల్లో అప్పీలు కోర్టులు పెట్టాలన్నారు. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫారసు చేసింది. ఇటు చూస్తే 2010 ఫిబ్రవరిలో మీ కోర్టు న్యాయమూర్తులంతా సమావేశమై ఢిల్లీ బయట బెంచీలకు సమర్థన కనబడలేదన్నారు. చెన్నైకి చెందిన ఒక న్యాయవాది నేషనల్ కోర్ట్ ఆఫ్ అపీల్, అంటే మామూలు అప్పీళ్లు వినే వేరే కోర్టు, కావాలని వేసిన పిటిషన్‌ని 2016లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. అప్పటినుంచీ పార్లమెంటులో ఎవరు అడిగినా ప్రభుత్వం చెప్పే జవాబు విషయం కోర్టు ముందు ఉందనే.

బెంచీలు పెడితే కోర్టు ఐక్యత దెబ్బతింటుందని, ఒక్కో చోట ఒక్కో తీర్పు వస్తుందని భయం ఉంది. ఇది తేలిగ్గా తీసేయాల్సిన భయం కాదు. దేశమంతటికీ ఒకే చట్టం ఒకే అర్థంతో ఉండాలంటే ఆఖరి కోర్టు ఒక్క గొంతుతో మాట్లాడాలి, అందుకే కదా 141వ అధికరణం మీ మాట అన్ని కోర్టులకూ శిరోధార్యం అంటోంది. అయితే ఇప్పుడు మాత్రం మీరంతా ఒకే హాల్లో కూర్చోవడం లేదు. ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా పదికి మించిన గదుల్లో కూర్చుంటున్నారు. రెండు బెంచీలు రెండు రకాలుగా చెబితే పెద్ద బెంచి తేలుస్తుంది. ఆ గదుల్లో ఒకటి కొన్ని వారాలపాటు హైదరాబాద్‌లో ఉంటే తేలని చిక్కు కొత్తగా ఏం వస్తుంది? రాజ్యాంగ వ్యాఖ్యానం, రాష్ట్రాల మధ్య వివాదాలు, రాష్ట్రపతి అడిగే సలహాలు, ఇవన్నీ ఢిల్లీలోనే ఉండనివ్వండి. అవి అక్కడే ఉండాలని నేనూ అంటాను.

కేసులు వెల్లువెత్తుతాయన్న మాట కూడా విన్నాను. ఇప్పటికే ఎనభై వేలకు పైగా పెండింగ్ ఉన్నాయి. అందులో ఢిల్లీకి దగ్గరగా ఉన్న హైకోర్టుల నుంచి వచ్చేవి వాటి పరిమాణానికి మించి ఎక్కువని, దూరపు హైకోర్టుల నుంచి తక్కువని అధ్యయనం చేసినవాళ్లు చూపించారు. దూరంగా ఉన్నవాళ్లకు అన్యాయాలు తక్కువ జరుగుతాయా? జరగవు కదా. అంటే కేసుల్ని వడగడుతున్నది చట్టంలోని ప్రశ్న ఎంత గట్టిదన్న కొలత ఒక్కటే కాదు, రైలు చార్జీ కూడా. జల్లెడ కావాలి, తప్పకుండా కావాలి. ప్రతి గట్టు తగాదా సుప్రీంకోర్టు వినాలని నేను అనను. నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మందికి వెళ్లొద్దనే చెబుతాను. కానీ జల్లెడ పట్టేది మీరే కావాలి, మధ్యలో ఉన్న రెండు వేల కిలోమీటర్లు కాకూడదు.

మీరే ఇచ్చిన ఒక ఆదేశం గుర్తుచేస్తాను. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ కేసులో, కంపెనీల అప్పీళ్లు వినే ఎన్‌సీఎల్ఏటీ ఒక్క ఢిల్లీలోనే ఉంటే సరిపోదని, ఆరు నెలల్లో సర్క్యూట్ బెంచీలు, అంటే వేరే ఊళ్లలో కూర్చునే బెంచీలు, పెట్టమని కేంద్రానికి చెప్పారు. 2021 జనవరి నుంచి చెన్నైలో దక్షిణాది రాష్ట్రాల కోసం బెంచి నడుస్తోంది. మంచి పని. దివాలా తీసిన కంపెనీ అప్పీలు కోసం ఢిల్లీ దాకా రావడం కష్టమని మీరు గుర్తించారు. ఎకరా అరవై సెంట్ల రైతుకు అంతకన్నా కష్టమని కూడా గుర్తించమని వేడుకుంటున్నాను.

హైకోర్టుల అనుభవమూ ఉంది. ధార్వాడ్, కలబురగిల్లో కర్ణాటక హైకోర్టు 2008లో సర్క్యూట్ బెంచీలు మొదలుపెట్టింది. ఐదేళ్లు చూసి 2013లో శాశ్వతం చేశారు. మదురైలో మద్రాసు హైకోర్టు బెంచి 2004 నుంచి ఉంది, 2025లో కొల్హాపూర్‌కి బాంబే హైకోర్టు బెంచి వచ్చింది. ఏ హైకోర్టు కూడా దానివల్ల ముక్కలు కాలేదు. మీరూ అలాగే చూడొచ్చు. శాశ్వత భవనం, కొత్త పోస్టులు ఏవీ మొదట అక్కర్లేదు. ఏడాదిలో ఒక నెల, ఇద్దరో ముగ్గురో న్యాయమూర్తులు, ఐదు దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన సివిల్, క్రిమినల్ అప్పీళ్లు. కింది కోర్టులో, హైకోర్టులో వాదించిన వకీలే మీ ముందూ నిలబడి చెప్పే వీలు. పత్రాలు దాఖలు చేసేందుకు ఇక్కడే ఒక కౌంటరు. రెండేళ్లు నడిపి చూడండి. పనికిరాదని తేలితే ఆపేయండి, మేం నోరెత్తం.

అది కూడా ఇప్పుడే కుదరదనుకుంటే, కనీసం 2016 నాటి ఆ ప్రశ్నని రాజ్యాంగ ధర్మాసనం ముందు వినడానికి ఒక తేదీ ఇవ్వండి. మళ్లీ ఫుల్ కోర్టు సమావేశంలో, అంటే మీరంతా కూర్చున్నప్పుడు, చర్చకు వస్తే, కాదనడానికి గల కారణాలు మాకు కూడా చదువుకునేలా బయటపెట్టండి. మునసబు కోర్టు కూడా ఒక పిటిషన్ కొట్టేస్తే కారణం రాస్తుంది.

ఆ రైతు ఇప్పుడు మిగిలిన ఎనభై సెంట్లలో నువ్వులు వేస్తున్నాడని మనవడు చెప్పాడు. గెడ్డ అవతలివాళ్ల వైపు పోయింది కనుక ఇక వరి కుదరదట. నేను సగం వరకు మార్చిన అతని కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. తీసుకెళ్లమంటే, ఉండనీ బాబూ అన్నాడు.

ఈ లేఖకు ఇంగ్లీషు అనువాదం కూడా జతచేసి మీ రిజిస్ట్రీకి పంపుతున్నాను. గెడ్డ అన్న మాటను మాత్రం మార్చకుండా అలాగే ఉంచాను.

భవదీయుడు,
ఒక కోర్టు అనువాదకుడు,
శ్రీకాకుళం